తకెజి చెయ్యి

ఆట మూడో మెట్టులోనే పిల్లి మళ్ళీ పంజా గురి తప్పింది.

సుమియే బటన్ నొక్కిన మాట నిజం. చేప వంటింటి కిటికీలోంచి గాల్లోకి ఎగరడం కళ్ళారా చూసింది. ఎక్కడ అందుకోవాలో సరిగ్గా అక్కడికి రాగానే నొక్కింది. గోడమీది పిల్లి మాత్రం ఏదో ఆలోచనలో ఉన్నట్టు ఒక్క రెప్పపాటు ఆగి, చేప దాటిపోయాక తీరిగ్గా పంజా విసిరింది. తర్వాత తోక ముడుచుకుని కూర్చుంది. ఆట ముగిసిందని వెక్కిరింపు పాటొకటి మోగింది.

"ఏడ్చావులే," అంది సుమియే పిల్లిని.

సెలూన్ ఇంకా తెరవలేదు. బయట సెలూన్ గుర్తుగా ఉన్న ఎరుపూ నీలం చారల స్తంభం తిరగడం మొదలుపెట్టలేదు. ఇమబారి రేవు నుంచి పైకొచ్చే బజారు వీధిలో సగం షాపుల షట్టర్లు ఎప్పుడో దించేశారు. మిగిలిన సగంలో ఈ సెలూన్ ఒకటి. వేడి తువ్వాళ్ళ పెట్టె బుసబుసమంటూ ఆవిరి వదులుతోంది. సుమియే నీలం కోటు తొడుక్కుని, కస్టమర్లు కూర్చునే బల్లమీద కూర్చుని, గోడకున్న పెద్ద టీవీలో పిల్లిని చూస్తోంది. ఆ టీవీకీ కిందున్న పాత గేమ్ పెట్టెకీ మధ్య అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద డబ్బా ఒకటి వేలాడుతోంది. దాని మీద ఎర్రదీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది.

ఐదు మెట్లూ దాటితేనే ఆ రోజు కత్తి పట్టాలి. అది ఆమె మొగుడు తకెజి పెట్టిన నియమం. అతను పని నేర్చుకున్న గురువు దగ్గర కుర్రాళ్ళు పొద్దున్నే రబ్బరు బుడగ ఊది, దానికి నురగ పూసి, పగలకుండా గీసి చూపించాలట. గురువు పోయాక తకెజి బుడగ మానేసి పిల్లిని పట్టుకున్నాడు. ఎందుకయ్యా అంటే, బుడగ నా చెయ్యి నెమ్మదో కాదో చెబుతుంది, పిల్లి నా కన్నూ చెయ్యీ కలిసున్నాయో లేదో చెబుతుంది అనేవాడు. మనిషి గొంతుమీద కత్తి పెట్టేవాడికి రెండోదే ముఖ్యం అనేవాడు. చివరికి ఒకరోజు పిల్లి మాట విని కత్తి దించేశాడు. ఆ రోజు అతని వయసెంతో ఈ వసంతంలో సుమియేకి అంతే వచ్చింది. నా వయసుకొచ్చాక నువ్వూ దాని ముందు కూర్చోవాలి అని మాట తీసుకున్నాడు మరి. కూర్చుంది. చెర్రీ పూలు రాలిపోయిన దగ్గర్నుంచి రోజూ కూర్చుంటోంది, రోజూ ఓడిపోతోంది, అయినా ఎవరికీ చెప్పకుండా కత్తి పడుతూనే ఉంది.

ఓడిపోవడం అటుంచి, ఆమెను భయపెడుతున్నది ఇంకొకటుంది. బటన్ నొక్కాక పిల్లి కదిలేలోపు ఉండే ఆ రెప్పపాటు ఖాళీగా అనిపించదు. ఎవరో పక్కన కూర్చుని, ఆమె చేతిమీద చెయ్యి వేసి ఆపుతున్నట్టుంటుంది. బరువు తెలుస్తుంది. ఆ బరువు ఆమెకు తెలిసిందే. నలభై ఏళ్ళు పక్కపక్కన రెండు కుర్చీల మధ్య పనిచేసినవాళ్ళు ఒకరి మోచెయ్యి ఒకరికి తగలకుండా ఎలా ఉంటారు?

"సరేలే," అంది సుమియే పక్కనున్న ఖాళీ జాగాతో. "అర్థమైందిలే."

టీవీ కట్టేసి, వెళ్ళి స్తంభానికి స్విచ్ వేసింది.

ముందుగా వచ్చినవాడు ఒగాత. చేపల మార్కెట్లో వేలం పాటలు పాడి పాడి రిటైరైన మనిషి. గొంతు ఇప్పటికీ అరిస్తే రేవు దాకా వినిపిస్తుంది. తకెజికి చిన్ననాటి స్నేహితుడు. వారానికి రెండుసార్లు, గడ్డం ఉన్నా లేకపోయినా, వచ్చి కుర్చీలో పడతాడు.

"చెల్లెమ్మా, ఏంటా మొహం? రాత్రి నిద్ర లేదా?"

"ఉంది. తల పైకెత్తండి."

జుట్టు కత్తిరించింది. మెడమీది వెంట్రుకలు దులిపింది. కుర్చీ వెనక్కి వాల్చాల్సిన చోట ఆగిపోయింది. నురగ కప్పు చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టింది.

"ఒగాత గారూ, ఇవాళ గడ్డం వద్దు. శనివారం చేస్తాను. ఆ తర్వాత ఇంక ఎవరికీ చెయ్యను. మూసేస్తాను."

ఒగాత అద్దంలోంచి ఆమెను చూశాడు.

"పిల్లి చెప్పిందా?"

"పిల్లే చెప్పింది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"కూర్చున్న రోజు నుంచీ. నేను నొక్కుతున్నాను. కానీ పట్టుకుంటున్నారు." ఆమె దువ్వెన తుడుస్తూ తల తిప్పుకుంది. "ఆయన. ఇక చాలు దించెయ్యి అన్నట్టు నా చెయ్యి పట్టుకుని ఆపుతున్నారు."

ఒగాత పెద్దగా నవ్వాడు. "బతికున్నప్పుడు పండగ ఊరేగింపులో కూడా నీ చెయ్యి పట్టుకోనివాడు చచ్చాక పట్టుకుంటాడా? ఊరుకో!"

ఆమె నవ్వలేదు. ఒగాత నవ్వు కూడా మధ్యలో ఆరిపోయింది. గొంతు తగ్గించి అన్నాడు. "వాడు మాత్రం మొనగాడు, చెల్లెమ్మా. ఒక్కరికి గాటు పడకముందే, ఒక్కరు వేలెత్తి చూపకముందే దించేశాడు. ఎవరెంత చెప్పినా వినలేదు. ఎక్కడ ఆగాలో తెలియడమంటే అదీ. ఈ వీధిలో మిగతావాళ్ళంతా ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ పోయినవాళ్ళే. నువ్వు వాడి పెళ్ళానివనిపించుకున్నావు."

సుమియే వంగి దండం పెట్టింది. ఆ మాట వింటే ఎప్పుడూ గర్వంగా ఉండేది. ఇవాళ మాత్రం తుడిచిన దువ్వెననే మళ్ళీ తుడిచింది. ఈ కుర్చీ, ఈ తోలుపట్టీ, ఈ ఆవిరి వాసన లేకుండా పొద్దున్నే లేచి ఏం చెయ్యాలి? తకెజి ఏం చేశాడో ఆమె చూసింది. కత్తి దించాక బతికినన్నాళ్ళూ చీపురు పట్టుకుని తువ్వాళ్ళ పెట్టె పక్కన నిలబడ్డాడు. కింద పడిన వెంట్రుకలు ఊడ్చేవాడు, తువ్వాలు అందించేవాడు, ఆమె కత్తివైపు చూసేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. చూస్తూ చూస్తూనే చిక్కిపోయాడు.

కబురు మధ్యాహ్నానికే వీధంతా పాకింది. బజారు సంఘం వాళ్ళు వచ్చారు. శనివారం సాయంత్రం పూలగుత్తి ఇస్తామన్నారు, తకెజి గారిలాగే ఎంత హుందాగా తప్పుకుంటున్నారండీ అన్నారు. టోఫూ షాపావిడ ఊరికే కళ్ళు తుడుచుకుంది. సుమియే అందరికీ టీ ఇచ్చింది. వాళ్ళు వెళ్ళిపోయాక, పాత గేములు కొని బాగుచేసి అమ్మే వాళ్ళెవరైనా ఉంటారా అని ఫోన్ పట్టుకుని వెతికింది. షాపు మూశాక ఆ పిల్లి ఇంట్లో ఉంటే తను బతకలేదు. ఊరికే ఇచ్చేసినా సరే, కళ్ళెదుట నుంచి పోతే చాలనుకుంది.

ఆ పని మీద గురువారం వచ్చిన మనిషి పేరు మినొరి. నలభైలు దాటిన ఆడమనిషి, పొట్టి జుట్టు, మోకాళ్ళ దగ్గర మాసిన ప్యాంటు. మాటల పుట్ట. చిన్న వ్యాన్ షాపు ముందు ఆపి, లోపలికి వస్తూనే గేమ్ పెట్టె ముందు మోకరిల్లింది.

"అబ్బ, ప్లాస్టిక్ పసుపెక్కలేదండీ! ఎండ తగలకుండా పెట్టారు. మీరు బంగారం. క్యాసెట్టు ఇదేనా? ఊదుతారా దీన్ని?"

"పెట్టే ముందు ఊదుతాను."

"ఊదకండి! నోటి తేమకి లోపల తుప్పు పడుతుంది. అందరూ చేసే పనే అనుకోండి. ఉండండి, పని చేస్తుందో లేదో చూసుకుని పట్టుకెళతాను."

సుమియే రిమోట్ అందుకోబోయింది. మినొరి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ టీవీలో వద్దండీ. దీంట్లో చూస్తే బటన్ పాడయిందో టీవీ నాటకాలాడుతోందో తెలిసి చావదు. నా టీవీ తెచ్చుకుంటాను."

వ్యాన్లోంచి రెండు చేతుల్తో కావలించుకుని ఒక మొద్దు టీవీని మోసుకొచ్చింది. వెనక వీపు ఇంత లావున్న పాతకాలపు గాజు టీవీ. కస్టమర్ల బల్లమీద పెట్టి, గేమ్ పెట్టె తీగను వేలాడే డబ్బాలోంచి పీకి, నేరుగా ఆ టీవీ వెనక గుచ్చింది. తెర సన్నగా కీచుమని అరిచింది. చీకట్లోంచి పిల్లి తేలి వచ్చింది. దాని రంగులు ఇంత మెత్తగా ఉండేవని సుమియే మరచిపోయింది.

"ఈ ఆట నాకు రాదు. మీరు ఆడండి, నేను బటన్లు చూస్తాను."

"నాకు చేతకాదమ్మా. మూడో మెట్టు దాటలేను."

"ఒక్క మెట్టు చాలండీ, బటన్ పలుకుతోందో లేదో చూడటానికే."

సుమియే కూర్చుంది. చేప ఎగిరింది. నొక్కింది.

పిల్లి పట్టేసింది.

ఏ ఆలోచనా లేదు, ఏ రెప్పపాటూ లేదు. వేలు దిగడం, పంజా లేవడం రెండూ ఒకటే. ఇంకో చేప, ఇంకొకటి. రెండో మెట్టు అయిపోయింది. మూడో మెట్టులో చేపలు రెండు కిటికీల నుంచి వచ్చాయి. రెండింటినీ పట్టింది. చేతిమీద బరువు లేదు. పక్కన ఎవరూ లేరు. సుమియే వేలు ఆగలేదు. నాలుగో మెట్టు దాటి, ఐదోదాంట్లో ఆఖరి పెద్దచేపను పిల్లి గాల్లో గిరికీ కొట్టి పట్టుకుంటే, తెరనిండా బాణసంచా పేలింది.

"ఓయమ్మో! చేతకాదన్నారుగా!" అని మినొరి చప్పట్లు కొట్టింది.

"మళ్ళీ ఒక్కసారి," అంది సుమియే. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "మళ్ళీ ఆ పెద్దదానికి తగిలించు."

మినొరి వింతగా చూసి, తీగ మార్చి డబ్బాకి గుచ్చింది. పెద్ద టీవీలో పిల్లి వచ్చింది. చేప ఎగిరింది, నొక్కింది, బరువు వచ్చి చేతిమీద పడింది. మూడో మెట్టులో పిల్లి తోక ముడుచుకుంది.

"చూశారా? అదే నేను చెప్పేది," అంది మినొరి. "ఆ మొద్దుదానికి తెలివితేటలు లేవు. వచ్చిన బొమ్మ వచ్చినట్టు చూపించేస్తుంది. వీటికి తెలివెక్కువ. ఈ డబ్బా బొమ్మని అందుకుని, పెద్దది చేసి, టీవీకి ఇస్తుంది. టీవీ మళ్ళీ దానికి నగిషీలు చెక్కి అప్పుడు చూపిస్తుంది. మీరు నొక్కడం సరిగ్గానే నొక్కుతారు, బొమ్మే వెనకబడి వస్తుంది. వార్తలు చూసేవాళ్ళకి తేడా తెలీదు. ఇలాంటి ఆటలాడేవాళ్ళకే ప్రాణం మీదికొస్తుంది. మా షాపుకి ఎంతమంది పెద్దవాళ్ళు వస్తారో! చిన్నప్పుడు అవలీలగా ఆడేవాణ్ణి, ఇప్పుడు చేతులు పడిపోయాయమ్మా అని. చేతులు కాదండీ బాబూ, టీవీ అంటాను. ఎంత సంతోషిస్తారో!"

సుమియే ఆ ఎర్రదీపం వైపే చూస్తోంది.

"ఇది పాతబడి ఇలా అయిందా?"

"ఏది?"

"ఈ ఆలస్యం. పాతబడ్డాక వచ్చిందా, లేకపోతే కొన్నప్పటి నుంచీ ఉందా?"

"మొదటిరోజు నుంచీ ఇంతేనండీ. దాని పుట్టుకే అంత." మినొరి తీగలు చుట్టుకుంటూ నవ్వింది. "ఇంక నాకివ్వరేమోలెండి. చెయ్యి బ్రహ్మాండంగా ఉందిగా!"

"తీసుకుపో అమ్మా," అంది సుమియే. "దాన్ని నేనిక చూడలేను."

మినొరి వెళ్ళిపోయాక ఆమె తలుపుకి మూసి ఉందన్న పలక తగిలించింది. మిట్ట మధ్యాహ్నం ఆ పలక తగిలించడం తకెజి పోయిన రోజు తర్వాత ఇదే. వచ్చి తకెజి కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. అద్దంలో వెనకగోడ మీద టీవీ నల్లగా కనిపిస్తోంది.

ఆ టీవీ వచ్చింది పాతతరం ఎనలాగ్ ప్రసారాలు ఆపేసిన వేసవిలో. పాత టీవీలో చుక్కలు తప్ప ఏమీ రావు. స్కూలు పిల్లల బేస్‌బాల్ పోటీలు మొదలయ్యేలోపు కొత్తది పెట్టకపోతే కస్టమర్లు ఎదురు సెలూన్‌కి పోతారని, ఉన్నవాటిలో పెద్దదే కావాలని పట్టుబట్టింది సుమియే. పాతది ఇంకా పని చేస్తోందిగా, పిల్లికి సరిపోతుందిగా అని తకెజి గొణిగాడు. రెండెందుకు, జాగా ఎక్కడుంది అని ఆమే పాతదాన్ని చెత్తబండికి ఎక్కించేసింది. గేమ్ పెట్టె దీనికి తగలట్లేదంటే, బిగించడానికొచ్చిన కుర్రాడు జేబులోంచి ఆ డబ్బా తీసి మధ్యలో పెట్టాడు. బొమ్మ వచ్చింది. అంతా బాగుందనుకున్నారు.

ఆ తర్వాత ఒక పొద్దున తకెజి ఆట మధ్యలో వెనక్కి తిరగకుండానే పిలిచాడు.

"సుమియే, ఇలా వచ్చి నిలబడు. నా వేలు చూడు, పిల్లిని చూడు."

ఆమె తువ్వాళ్ళు మడత పెడుతూ వచ్చి అతని భుజం వెనక నిలబడింది. చూసింది. వేలూ పిల్లీ రెండూ చూసింది. అతను అడిగాడు.

"ఆలస్యమేనా?"

ఇప్పుడు తలుచుకుంటే అంతా కళ్ళముందే ఉంది. వేలు ముందు దిగడం ఆమె చూసింది! పిల్లి తర్వాత కదలడం చూసింది! అతను సమయానికే నొక్కుతున్నాడని ఆమె రెండు కళ్ళూ చెప్పాయి. కానీ టీవీ తప్పు చేస్తుందని ఎవరనుకుంటారు? కొత్త టీవీ, అంత పెద్దది. మనిషి పాతబడతాడుగానీ! తడి తువ్వాలు చేతిలో పెట్టుకుని, నిజం చెప్పడమే ప్రేమ అనుకుని, ఆమె అంది.

"ఆలస్యమే."

తకెజి తల ఊపాడు. ఆ రోజుకి మాటిచ్చిన ఆఖరి గడ్డం గీశాక, తన కత్తిని తోలుపట్టీ మీద చాలాసేపు సానపట్టి, తుడిచి, సొరుగులో పెట్టాడు. గోడ దగ్గరున్న చీపురు తీసుకున్నాడు.

తకెజి కుర్చీలో కూర్చుని సుమియే గొంతెత్తి ఏడ్చింది. ఈ నెలంతా తన చేతిమీద పడిన బరువు అతనిది కాదు. అతను ఆమెను ఆపలేదు. ఏదైతే ఆమె చేతిని పట్టుకుందో, అదే అతని చేతినీ పట్టుకుంది. పట్టుకుని, చీపురు చేతికిచ్చి, ఆ మూలన నిలబెట్టి చంపింది. దానికి సాక్ష్యం పలికింది తను.

శనివారం ఒగాత శుభ్రమైన చొక్కా వేసుకుని వచ్చాడు. చేతిలో నారింజల సంచి.

"ఆఖరి గడ్డం కదా, గుండెల్లో ఏదో బరువుగా ఉంది చెల్లెమ్మా. సాయంత్రం సంఘం తరఫున నన్నే నాలుగు మాటలు మాట్లాడమన్నారు. తకెజి సంగతితోనే మొదలుపెడతాను. ఎక్కడ ఆగాలో..."

"వాలండి," అంది సుమియే.

కుర్చీ వాల్చింది. వేడి తువ్వాలు మొహం మీద కప్పి, రెండు అరచేతుల్తో అదిమింది. తీసేసి, కుంచెతో నురగ పూసింది. ఆమె కళ్ళు ఉబ్బి ఉండటం కింద నుంచి ఒగాతకు కనిపించింది. వేలం పాడే గొంతు కాస్త తగ్గింది.

"నేను మూయడం లేదు ఒగాత గారూ. నా చెయ్యి బాగానే ఉంది. ఆలస్యం టీవీది."

చెప్పింది. మినొరి మోసుకొచ్చిన మొద్దు టీవీ గురించి, మధ్యలో వేలాడే డబ్బా గురించి, ఐదో మెట్టులో పేలిన బాణసంచా గురించి. నురగలో ఒగాత కళ్ళు పెద్దవయ్యాయి.

"అయితే ఇంకేం! మంచిమాటేగా! ఏడుస్తావేంటి?"

"ఆ టీవీ వచ్చింది ఏ సంవత్సరమో గుర్తు తెచ్చుకోండి."

ఒగాత వేళ్ళ మీద లెక్కపెట్టాడు. తువ్వాళ్ళ పెట్టె బుసబుసమంది. పైకప్పు వైపు చూస్తూ, ఆ గొంతులో ఎప్పుడూ వినిపించని మెత్తదనంతో అన్నాడు.

"వాడు కత్తి దించిన రోజు ఆఖర్న గడ్డం గీయించుకుంది నేనే."

సుమియే కత్తి తెరిచి ఆగిపోయింది.

"మానేస్తున్నానురా అన్నాడు. నీ చెయ్యికేం రోగం, వెన్నలా నడుస్తోంది, పిల్లేంటి పిచ్చివేషాలేంటి అని తిట్టాను. నిజంగానే వెన్నలాగే ఉంది చెల్లెమ్మా. ఎప్పటికన్నా బాగా గీశాడు. తర్వాత్తర్వాత నేనే నమ్మేశాను, వాడికి తెలియకపోతుందా అని."

"ఏమన్నారు? మీరు తిడితే ఆయనేమన్నారు?"

ఒగాత కళ్ళు మూసుకున్నాడు. "వద్దులే."

"చెప్పండి."

"నాకూ బాగానే ఉన్నట్టే ఉందిరా అన్నాడు. కానీ సుమియే చూసింది, సుమియే నాతో అబద్ధం చెప్పదు అన్నాడు."

బయట ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు. సుమియే కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. ఒగాత ఆమె మొహం వైపు చూడకుండా, గెడ్డం కాస్త పైకెత్తి గొంతు చాపాడు.

"కానియ్యి చెల్లెమ్మా. నురగ ఆరిపోతోంది."

ఆమె ఎడమచేతి రెండు వేళ్ళతో చర్మం బిగపట్టి, చెవి కింద కత్తి ఆనించింది. చెంప, పై పెదవి, గెడ్డం గుంట, ముడతలు పడిన గొంతు. ఎక్కడ తిరగాలో అక్కడ తిరిగింది, ఎక్కడ తేలిపోవాలో అక్కడ తేలిపోయింది. చివర్లో చల్లటి తువ్వాలుతో తుడిచి, వంగి, మొహమంతా వెలుతురులో వెతికి చూసింది.

ఒక్క గాటు లేదు. ఒక్కటైనా పడి ఉంటే బావుండునని, అప్పుడు పిల్లిదీ తనదీ మాట నిజమయ్యేదని ఆమెకు అనిపించింది.